రేడియేషన్ నడుస్తుండగా తులసి, తిప్పతీగ కషాయం ఇవ్వవచ్చా?

పర్లాకిమిడి శ్రీను:
నాన్నగారికి గొంతు క్యాన్సర్. విశాఖలో రేడియేషన్ నడుస్తోంది. తులసి, తిప్పతీగ కషాయం తాగితే మంచి కణాలు దెబ్బతినవని గుణుపురం నుంచి మేనత్త కాచి పంపారు. ఇచ్చి చూసినవారు ఉంటే దయచేసి చెప్పండి.

రాయగడ శారద:
అమ్మ చికిత్సలో మాకూ ఇదే సందేహం వచ్చింది, డాక్టరుగారినే అడిగాం. రేడియేషన్ పూర్తయ్యే వరకు కషాయాలు, చూర్ణాలు వద్దన్నారు. కూరలో పసుపు, పప్పులో ఉసిరికాయ మామూలుగానే తినమన్నారు.

జయపురం మాస్టారు:
వృక్షశాస్త్రం పాఠం చెప్పేవాణ్ని, కాస్త వివరంగా రాస్తాను. తులసి మాట గాలి మాట కాదు. ఆకులోని ఓరియెంటిన్, విసెనిన్ అనే ఫ్లేవనాయిడ్ల (మొక్కల్లో సహజంగా ఉండే ఒక రకం పదార్థాల) మీద మణిపాల్‌లో పరిశోధన జరిగింది. గామా కిరణాలకు ముందే ఇస్తే ఎలుకల్లోనూ, పరీక్షనాళికలోని మానవ రక్తకణాల్లోనూ క్రోమోజోములకు నష్టం తగ్గింది. కిరణం కణంలోని నీటిని చీల్చి, దేనితోనైనా ఇట్టే చర్య జరిపే హైడ్రాక్సిల్ రాడికల్స్‌ను పుట్టిస్తుంది, అవి డీఎన్ఏ పోగులను తెంపుతాయి. వాటిని అక్కడికక్కడే పట్టేయడం ఈ పదార్థాల గుణం.

చిక్కంతా ఇక్కడే ఉంది శ్రీనుగారూ. గడ్డను చంపేదీ చాలావరకు ఆ రాడికల్సే! గొంతు, తల క్యాన్సర్ రోగులకు రేడియేషన్‌తోపాటు విటమిన్ ఇ, బీటా కెరోటిన్ ఇచ్చి చూసిన కెనడా పరిశోధన 2005లో వెలువడింది. అవీ రాడికల్స్‌ను పట్టేసేవే. బాధలు కొంత తగ్గాయి కానీ, వ్యాధి తిరగబెట్టే ధోరణి ఎక్కువగా కనిపించింది. పైగా ఎలుకలకు ఇచ్చింది శుద్ధి చేసి, కొలిచి, సూదితో ఎక్కించిన పదార్థం. ఇంట్లో కాచినదానిలో అది ఎంత ఉందో ఎవరు కొలుస్తారు?

ఛత్రపురం రమణ:
మా తీరం ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం, అందులో కిరణాలు వెలువరించే థోరియం ఉన్నాయి కదా. ఇక్కడ ఉండేవాళ్లం తులసి రసం తాగితే మేలంటారా?

జయపురం మాస్టారు:
అక్కడ రేడియేషన్ అందేది ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా. ప్రయోగాల్లో ఇచ్చింది ఒక్కసారే, పెద్ద మోతాదు. ఆ ఫలితాన్ని మీ ఊరికి అన్వయించలేం.

పర్లాకిమిడి శ్రీను:
చాలా కృతజ్ఞతలండీ. కషాయం ఆపేస్తాను. నోరు పూసి నాన్నగారు ముద్ద మింగలేకపోతున్నారు, దానికేం చేయాలి?

బరంపురం లక్ష్మి:
నేను నర్సునండీ. గోరువెచ్చని నీటిలో కొంచెం ఉప్పు, వంటసోడా కలిపి రోజుకు చాలాసార్లు పుక్కిలించమనండి. కారం, పులుపు మానిపించి చల్లారిన రాగి జావ, మెత్తటి పెరుగన్నం పెట్టండి. మెడకు నూనె, పసుపు రాయవద్దు, రేడియేషన్ కోసం అక్కడ వేసిన గుర్తులు చెరిగిపోకూడదు. వారం వారం బరువు చూడండి. తగ్గుతుంటే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా డాక్టరుగారికి చెప్పండి.