వాట్సాప్‌లో పుకారు మొదట పంపిందెవరో కంపెనీ చెప్పి తీరాలా?

గట్టుమీదచెట్టు:
2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్ అంతా పుకార్లే. తెలంగాణ పల్లెల్లో జనం రాత్రిళ్లు కాపలా కాశారు. మహారాష్ట్రలోని రైన్‌పాడాలో జులై 1న ఏ పాపం తెలియని ఐదుగురిని కొట్టి చంపారు. 2021 ఐటీ నిబంధనల్లోని 4(2) ప్రకారం పెద్ద మెసేజింగ్ కంపెనీలు, ఉత్తర్వు వస్తే, ఆ మెసేజ్ మొదట ఎవరు పంపారో చెప్పాలి. ఇందులో తప్పేముంది? ప్రాణాలు తీయించినవాడికి ప్రైవసీ ఎందుకు?

పాతరేడియో:
ఆ ఐదుగురిని తలచుకుంటే నాకూ మనసు కలుక్కుమంటుంది. కానీ రేపు ఏ మెసేజ్ కేసవుతుందో ఇవాళ ఎవరికీ తెలియదు కదా. అందుకని కోట్ల మంది పంపే ప్రతి మెసేజ్‌కీ ముందే గుర్తు వేసి దాచాలి. ఒక దొంగ కోసం ఊరందరి వేలిముద్రలూ తీసుకున్నట్టు.

ఇంకో సంగతి. ఫేస్‌బుక్‌లో ఒక ఫొటో చూసి కంగారుపడి, "ఇది నిజమేనా చూడవే" అని మా చెల్లికి వాట్సాప్‌లో పంపాననుకోండి. అక్కడ మొదట పంపింది నేనే అవుతాను! అసలువాడు విదేశంలో ఉంటే, మన దేశంలో మొదట పంపినవాడినే మూలంగా లెక్కేస్తామని ఆ నిబంధనలోనే ఉంది. నాకు భయం అక్కడే.

గట్టుమీదచెట్టు:
ఐదేళ్లకు తగ్గని శిక్ష ఉన్న తీవ్ర నేరాలకే కదండీ? పైగా ఎన్‌క్రిప్షన్, అంటే పంపినవాళ్లూ అందుకున్నవాళ్లూ తప్ప మెసేజ్ ఎవరూ చదవలేకుండా వేసే తాళం, తీయకుండానే మొదట పంపినవాడి గుర్తు జోడించవచ్చని ఐఐటీ మద్రాస్ ప్రొఫెసర్ కామకోటి గారు 2019లో మద్రాస్ హైకోర్టుకు చెప్పారు.

పాతరేడియో:
చెప్పారు. మార్చిన యాప్‌తో ఆ గుర్తును తప్పించుకోవచ్చని అభ్యంతరాలూ వచ్చాయి. తెలివైన నేరగాడు జారిపోతాడు, మామూలువాడు దొరుకుతాడు. ఇక ఉత్తర్వు కోర్టే ఇవ్వాలని లేదు, ఐటీ చట్టం సెక్షన్ 69 కింద హోం కార్యదర్శి ఇచ్చినా చాలు. కనీసం అదైనా జడ్జి చేతిలో పెట్టమంటాను.

జవాబుదారీ వద్దనను. అందుకున్నవాళ్లు రిపోర్ట్ కొడితే చివరి ఐదు మెసేజ్‌లు కంపెనీకి వెళ్తాయి. పోలీసులు ఆ ఫోన్ చూసి "నీకెవరు పంపారు?" అని ఒక్కొక్కరినే అడుగుతూ వెనక్కి వెళ్లొచ్చు.

గట్టుమీదచెట్టు:
ఆలోపు నలుగురు డిలీట్ కొడితే దారి తెగిపోదా? జడ్జి సంతకం మాటకు మాత్రం నేనూ ఒప్పుకుంటాను.