గ్యాస్ స్టవ్‌కి ఎక్స్‌టెండెడ్ వారంటీ: తుప్పు పడితే వర్తిస్తుందా?

అమ్మావాళ్లు కళింగపట్నంలో ఉంటారు. వాళ్లకోసం శ్రీకాకుళంలో మూడు బర్నర్ల గ్లాస్ టాప్ స్టవ్ చూశాను. కంపెనీ వారంటీ అయ్యాక పనికొస్తుంది, ఎక్స్‌టెండెడ్ వారంటీ కూడా తీసుకోండని షాపువాళ్లు ఒకటే పోరు. "అన్నీ కవర్ అవుతాయండీ" అన్నారు. కాగితం అడిగి చదివితే తయారీ లోపాలకి మాత్రమే అని ఉంది. అద్దం పగిలినా, తుప్పు పట్టినా, రబ్బరు ట్యూబు పాడైనా వర్తించదట.

నా బెంగంతా తుప్పు గురించే. ఉప్పుగాలికి పాత స్టవ్ అడుగు రేకు పొరలు పొరలుగా ఊడిపోయింది. నాబ్ తిప్పబోతే బిగుసుకుపోయి అమ్మ చేతికి లొంగేది కాదు. గ్యాస్ లీకైతే 1906కి ఫోన్ చేయాలని ఆమెకి తెలుసు, అయినా నాకు టెన్షనే.

రేపు కొత్తదాని వాల్వ్ కూడా అలాగే పట్టేస్తే దాన్ని తయారీ లోపం అంటారా, తుప్పు అని తోసేస్తారా? బారువ, భావనపాడు వైపు సముద్రం దగ్గర ఉన్నవాళ్లు ఎవరైనా ఇలా క్లెయిమ్ చేశారా? మెకానిక్ ఇంటికే వస్తాడా, స్టవ్ మనమే శ్రీకాకుళం మోసుకెళ్లాలా? విజిట్ ఛార్జీ విడిగా తీసుకుంటారా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి, డబ్బు ఇంకా కట్టలేదు.