పాత టాటా-బెంజ్ ఇంజను: 312నా, 692నా?

అన్నలూ, ఓ చిన్న సాయం కావాలి. గుంటూరులో మా తాతగారి షెడ్డులో పాత లారీ ఇంజను ఉంది. ఆరు సిలిండర్ల డీజిల్. బండి ముందు బెంజ్ నక్షత్రం ఉండేదని నాన్నగారు చెబుతారు. అంటే 1954-69 మధ్య, టాటా-బెంజ్ ఒప్పందం నడిచిన రోజులది అయ్యుండాలి.

హెడ్ విప్పి కొలిచాను. స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 120 మిల్లీమీటర్లు, బోరు (సిలిండరు లోపలి వ్యాసం) దాదాపు 91.5. ఇక్కడే చిక్కు. బెంజ్ ఇంజను మోడల్ ఓఎం 312 బోరు 90, టాటా మోడల్ 692ది 92, స్ట్రోక్ రెండింటికీ ఒకటే. ఇది అరిగి, రీబోర్ చేయించిన (సిలిండర్లు లోపల తొలిపించి వెడల్పు చేయించిన) 312 కావచ్చు కదా? పిస్టన్ తల మీద గుంట లేదు, నున్నగా ఉంది. 312 ప్రీచాంబర్ ఇంజను (డీజిల్ ముందు హెడ్‌లోని చిన్న గదిలో అంటుకునే రకం) కాబట్టి దీన్నిబట్టి తేల్చుకోవచ్చా? ఇంజను నంబరు బ్లాకు మీద ఎక్కడ కొట్టి ఉంటుంది? గ్రీజు, మట్టి కలిసి రాయిలా గట్టిపడ్డాయి. గీకాలంటే చోటు తెలియాలి.

మూడో పిస్టన్ తుప్పుతో పట్టేసింది. డీజిల్ పోసి నానబెట్టాను, కదల్లేదు. సుత్తి వాడకుండా తీసే దారి చెప్పండి, లైనరు (సిలిండరు లోపలి గొట్టం) పగిలితే ఏం లాభం?

పాత ఇనుము వాళ్లు తూకానికి అడుగుతున్నారు, నాకు మనసొప్పడం లేదు. క్రాంకు, డీజిల్ పంపు, హెడ్ దాచాలనుంది. విజయవాడ ఆటోనగర్‌లో ఈ కాలం బండ్లు చేసిన పెద్ద మేస్త్రీలు ఇంకా ఉన్నారా? ఏ వైపు వెళ్లి అడగాలి?