లిమాసినా పెంకు మీది పొర తీసేదెలా?

ఆర్కిటిక్‌లో తేలియాడే లిమాసినా హెలిసినా నత్తల పెంకులు సముద్రపు ఆమ్లత్వానికి ఎంత కరిగాయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూడాలి. శాంపిళ్లు 95% ఇథనాల్‌లో ఉన్నాయి, పెంకు 2 మి.మీ. లోపే. పైనున్న పల్చటి సేంద్రియ పొర అసలు నష్టాన్ని కప్పేస్తోంది.

లోతు సముద్రపు గాజు స్పాంజ్‌ల ముళ్లు సిలికావి కాబట్టి బ్లీచ్‌లో రాత్రంతా నానబెట్టినా చెక్కుచెదరవు. లిమాసినావి అరగొనైట్ (తేలిగ్గా కరిగే ఒక రకం కాల్షియం కార్బొనేట్) పెంకులు, అంత ఓర్చుకోవు. 5% హైపోక్లోరైట్‌లో (బ్లీచ్‌లో) రాత్రి ఉంచితే అంచులు పొడిపొడిగా రాలాయి. 1%లో అరగంట ఉంచితే చుట్ల మధ్య గాడిలో పొర మచ్చలుగా మిగిలిపోయింది. హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆమ్ల గుణంతో పెంకును తనే తినేసింది, అప్పుడిక ఏది సముద్రం చేసిన గాయమో చెప్పలేం. సేంద్రియ పొరను అయనీకరించిన వాయువుతో తొలగించే ప్లాస్మా యంత్రం మా దగ్గర లేదు.

అరగొనైట్‌ను ముట్టుకోకుండా ఈ పొరను మాత్రమే తీయడానికి ఏ ద్రావణం, ఎంత పీహెచ్‌లో, ఎంతసేపు వాడాలి?