నిపా సోకితే పందులు ఎందుకు అంతగా చావవు? మనుషులు మాత్రం ఎందుకు పోయారు?

ప్రశ్న (వెటర్నరీ స్టూడెంట్):
అందరికీ నమస్తే. 1998-99లో మలేషియాలో వచ్చిన నిపా గురించి చదువుతున్నా. 265 మందికి సోకితే 105 మంది చనిపోయారు, అంటే నూటికి నలభై. కానీ అదే వైరస్ పందుల ఫారాల్లో షెడ్డుకి షెడ్డు పాకేసినా పెద్ద పందులు నూటికి ఐదు కూడా పోలేదంట. పంది ఒంట్లో వైరస్ బలహీనపడుతుందా, లేక పందే తట్టుకుంటుందా? ఇంకోటి, ఇంత ప్రమాదకరమైన జబ్బుని నెలల తరబడి ఎలా గుర్తుపట్టలేకపోయారు?

జవాబు (పశువుల డాక్టర్):
బలహీనపడటం ఏం లేదు తమ్ముడూ, పందుల నుంచి తీసిన వైరస్, మనుషుల నుంచి తీసిన వైరస్ దాదాపు ఒకటే. కణంలోకి దూరటానికి పట్టుకునే ఎఫ్రిన్-బి2 అనే ప్రోటీన్ కూడా ఇద్దరిలోనూ ఉంటుంది. తేడా ఎక్కడంటే అది ఎక్కువగా ఎక్కడ పెరుగుతుందీ అని. పందిలో ముక్కు దగ్గర్నుంచి ఊపిరితిత్తుల దాకా శ్వాసనాళాల లోపొరలో విపరీతంగా పెరుగుతుంది, అందుకే జ్వరం, ఎగశ్వాస, కుక్క మొరిగినట్టు పొడి దగ్గు. మైలు దూరం వినపడే దగ్గు అని ఆ జబ్బుకి పేరే పడిపోయింది. మలేషియా మనుషుల్లో మాత్రం దెబ్బ ఎక్కువగా మెదడు మీద పడింది, దగ్గు కొద్దిమందికే. అందుకే అక్కడ పంది నుంచి మనిషికి అంత తేలిగ్గా వచ్చింది గానీ మనిషి నుంచి మనిషికి పెద్దగా పాకలేదు.

అలాగని పంది మెదడుకి ఏం కాదనుకోవద్దు. తల్లి పందుల్లో, మగ పందుల్లో మూర్ఛలు, తల గోడకేసి నొక్కుకోవటం, మింగలేక నోట్లో నురగ, ఒక్కోసారి ఏ లక్షణం కనపడకుండానే హఠాత్తుగా పడిపోవటం ఇవన్నీ చూశారు. చూలుతో ఉన్నవి ఈసుకుపోయాయి, అంటే గర్భం పోయింది. పాలు తాగే పిల్లలు నూటికి నలభై దాకా పోయాయి, కాకపోతే అందులో వైరస్ వల్ల పోయినవి ఎన్ని, తల్లికి జబ్బు చేసి పాలు అందక పోయినవి ఎన్ని అనేది కూడా చూడాలి.

జవాబు (ల్యాబ్ మనిషి):
రోగనిరోధక శక్తి సంగతి నేను చెప్తా. ప్రయోగాల్లో వారం పది రోజులకే వైరస్‌ని అడ్డుకునే యాంటీబాడీలు కనపడ్డాయి, చాలా పందులు కోలుకున్నాయి కూడా. కానీ ఆలోపే ముక్కు, నోటి స్రావాల్లో వైరస్ బయటికి పోతూనే ఉంటుంది, పైకి ఆరోగ్యంగా కనపడే పందుల్లో కూడా. నాకు అన్నిటికంటే భయం వేసేది ఇదే. పైగా ఈ వైరస్ మోనోసైట్లు, ఎన్‌కే కణాలు, కొన్ని రకాల టీ కణాల్లోకి కూడా దూరుతుంది, అంటే కాపలా కాయాల్సిన కణాలకే సోకుతుంది, అందుకే కొన్ని పందులకి పైన బ్యాక్టీరియా కూడా పట్టుకుని పరిస్థితి ముదురుతుంది.

జవాబు (పశువుల డాక్టర్):
రెండో ప్రశ్న వదిలేశా, ఇప్పుడు చెప్తా. పందులు తక్కువ చావటమే గుర్తుపట్టలేకపోవటానికి ఒక పెద్ద కారణం. దగ్గు, జ్వరం అంటే పందుల్లో మామూలుగా వచ్చే జబ్బుల్లో ఏదో ఒకటి అనుకుంటారు. మనుషుల్లో వచ్చిన మెదడువాపుని దోమల వల్ల వచ్చే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనుకుని దోమల మందు కొట్టారు, టీకాలు వేశారు. నిజానికి జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అయితే ఎక్కువగా పిల్లలకి రావాలి, ఇక్కడ పడిపోయింది పందుల దగ్గర పనిచేసే పెద్దవాళ్ళు, వాళ్ళలో టీకా వేయించుకున్నవాళ్ళు కూడా ఉన్నారు, పైగా ఆ జబ్బుకి పందులు ఇలా దగ్గవు. ఈలోగా మలేషియాలోని పెరాక్ రాష్ట్రం వైపు నుంచి పందుల్ని అమ్మేయటంతో దక్షిణాన నెగెరి సెంబిలాన్ రాష్ట్రం దాకా పాకింది. 1999 మార్చిలో సింగపూర్ కబేళాలో పనిచేసే 11 మందికి సోకింది, ఒకరు పోయారు. ఆఖరికి పది లక్షలకు పైగా పందుల్ని చంపాల్సొచ్చింది.

వెటర్నరీ స్టూడెంట్:
చాలా థాంక్స్ సార్. అయితే ఫారంలో పందులు దగ్గుతూ, అదే సమయంలో పనివాళ్ళకి జ్వరం, తలనొప్పి వస్తే ఆ రెండిటినీ కలిపి చూడాలన్నమాట.

జవాబు (పశువుల డాక్టర్):
అవును, మాస్కు, గ్లౌజులు లేకుండా ఆ షెడ్డులో అడుగు పెట్టొద్దు, శాంపిల్ తీసేముందు పైవాళ్ళకి ఫోన్ చెయ్యి. ఒక్క పందిని కూడా ఫారం దాటనివ్వొద్దు.