రాత్రి కంప్యూటర్‌ను స్లీప్‌లో పెట్టాలా, షట్‌డౌన్ చేయాలా? ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ

కరీంనగర్_టీచరమ్మ

అందరికీ నమస్తే. ప్రశ్న చిన్నదే, వెనక కథ కొంచెం ఉంది.

నేను ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్తాను. సాయంత్రాలు ఇంట్లో కూర్చుని ప్రశ్నపత్రాలు టైప్ చేసిస్తాను. పేజ్‌మేకర్, అను ఫాంట్లు. కంప్యూటర్ అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్: ఐ3, 8 జీబీ ర్యామ్, విండోస్ ఉండే 240 జీబీ ఎస్ఎస్‌డీ, పాత ఫైళ్ల కోసం 1 టీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 10. యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయింది కాబట్టి ప్రస్తుతం వైరు నేరుగా గోడ మీది బోర్డుకే.

షట్‌డౌన్ చేస్తే పొద్దున మళ్లీ అన్నీ మొదటి నుంచి. అను స్క్రిప్ట్ మేనేజర్ తెరవాలి, అందులో యాపిల్ అనే కీబోర్డు వరస పెట్టుకోవాలి, ఆరో తరగతి ఫైలు ఒకటి, ఏడోది ఒకటి, హెడ్మాస్టర్ సారు వాట్సాప్‌లో పంపిన దిద్దుబాట్లు ఇంకో పక్క. అది సర్దుకునేసరికి బడికి టైమవుతుంది. అందుకని స్లీప్‌లో పెట్టి పడుకుంటాను. మా అత్తమ్మకేమో ఎర్రలైటు వెలిగితే కరెంటు గుంజుతున్నట్టే లెక్క. మాకు గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తుంది. కూలర్ నడిచే నెలల్లో 200 యూనిట్ల అంచు దాకా పోతుంది, దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాల్సిందే. ఆమె టెన్షన్ ఆమెది. అందరం పడుకున్నాక లేచి బోర్డు స్విచ్ కట్టేస్తుంది. పొద్దున చూస్తే "విండోస్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదు" అన్న గోల, సేవ్ చేయని పేజీలు గోవిందా.

స్లీప్‌లో నెలకు ఎన్ని యూనిట్లు కాలుతాయి? రోజూ ఆపి పెడితే మిషన్‌కు మంచిదా, చెడ్డదా? అత్తమ్మ స్విచ్ కట్టేసినా నా ఫైళ్లు ఉండే దారి ఏమన్నా ఉందా?

బెంగళూరు_బాబు

స్లీప్ చాలండీ. ఈ రోజుల్లో షట్‌డౌన్ ఎవరు చేస్తున్నారు? నేను రాత్రి ల్యాప్‌టాప్ మూత వేస్తాను, పొద్దున తీస్తాను, ఎక్కడ వదిలానో అక్కడే ఉంటుంది. మీ అత్తగారికి కంప్యూటర్ జోలికి రావద్దని ఒక్కసారి గట్టిగా చెప్పండి.

సర్వీస్_సీను_ఖమ్మం

బాబూ, నీ ల్యాప్‌టాప్‌కు లోపల బ్యాటరీ ఉంది, స్విచ్ కట్టేసినా దానికి ఏమీ కాదు. అక్కది డెస్క్‌టాప్. ఆ పెద్దావిడకు గట్టిగా చెప్పడం కంటే కంప్యూటర్‌లో ఒక సెట్టింగ్ మార్చడం సులువు. పైగా ఆమె అనేదాంట్లో సగం నిజమే.

అక్కా, ముందు కరెంటు లెక్క. ఒక వాట్ పరికరం రాత్రింబవళ్లు నెలంతా ఆన్‌లో ఉంటే 720 వాట్-అవర్లు, అంటే ముప్పావు యూనిట్ కూడా కాదు. నీలాంటి డెస్క్‌టాప్ స్లీప్‌లో మామూలుగా రెండు మూడు వాట్లు తీసుకుంటుంది. రెండు వాట్లు, రాత్రికి పది గంటలు అనుకో, నెలకు 0.6 యూనిట్. హాల్లో మామూలు సీలింగ్ ఫ్యాన్ ఒక గంట ఊరికే తిరిగితే పోయే కరెంటుతో నీ కంప్యూటర్ మూడు రాత్రులకు పైగా నిద్రపోతుంది. షట్‌డౌన్ చేసి బోర్డు స్విచ్ వదిలేసినా లోపల ఎస్ఎంపీఎస్ (మిషన్‌కు కరెంటు మార్చి ఇచ్చే డబ్బా) ఒక వాట్ అటూ ఇటుగా తింటూనే ఉంటుంది. కాబట్టి స్లీప్‌కూ షట్‌డౌన్‌కూ తేడా అర యూనిట్ లోపే.

అసలు నష్టం ఎక్కడంటే, మానిటర్ బటన్ మాత్రం నొక్కి "ఆపేశాను" అనుకునే ఇళ్లలో. స్క్రీన్ నల్లగా ఉంటుంది, కింద సీపీయూ నడుస్తూనే ఉంటుంది. ఖాళీగా ఉన్నా నలభై వాట్లు వేసుకో, పది గంటల చొప్పున నెలకు 12 యూనిట్లు. 200 గీత దగ్గర తిరిగే ఇంటికి అది పెద్ద దెబ్బే. పవర్ ఆప్షన్స్‌లో స్లీప్ టైం "నెవర్" అని ఉందేమో ఒకసారి చూడు. గేమ్స్ ఆడే పిల్లలున్న ఇళ్ల నుంచి వచ్చే మిషన్లు చాలావరకు అలాగే ఉంటాయి.

అత్తమ్మ చెయ్యి వేరే స్విచ్ మీద పడాలంటే సెట్‌టాప్ బాక్స్ చూపించు. పాత బాక్సులు చాలావాటికి రిమోట్‌తో ఆపితే లైటు రంగు మారుతుందే తప్ప లోపల పని ఆగదు. పది వాట్లు గుంజేదైతే నెలకు ఏడు యూనిట్లు.

ఇక ఫైళ్ల సంగతి. స్లీప్‌లో నువ్వు తెరిచిన పేజీలన్నీ ర్యామ్‌లో ఉంటాయి. ర్యామ్‌కు కరెంటు అందినంతసేపే జ్ఞాపకం. స్విచ్ కట్టేస్తే అంతే సంగతులు. నీకు కావాల్సింది హైబర్నేట్. అందులో ర్యామ్‌లో ఉన్నదంతా ఎస్ఎస్‌డీ మీద రాసిపెట్టి మిషన్ పూర్తిగా ఆగిపోతుంది. ఆ తర్వాత స్విచ్ కట్టినా, వైరు పీకినా, ఊరంతా కరెంటు పోయినా పొద్దున బటన్ నొక్కగానే అను కీబోర్డుతో సహా అదే పేజీ. స్లీప్ రెండు సెకన్లలో లేస్తే ఇది ఎస్ఎస్‌డీ మీద పావు నిమిషం తీసుకుంటుంది.

ఒక్కటి మాత్రం అత్తమ్మకు చెప్పు. హైబర్నేట్ నొక్కగానే స్క్రీన్ పోతుంది గానీ లోపల ఇంకా రాస్తూనే ఉంటుంది. సీపీయూ ఫ్యాన్ చప్పుడు ఆగి, ముందున్న లైటు ఆరిన తర్వాతే బోర్డు జోలికి పోవాలి.

కరీంనగర్_టీచరమ్మ

అన్నా, చాలా థ్యాంక్స్. కానీ నా స్టార్ట్ మెనూలో స్లీప్, షట్‌డౌన్, రీస్టార్ట్ మూడే ఉన్నాయి, హైబర్నేట్ లేదు. ఇంకోటి, స్లీప్‌లో పెట్టినా ఒక్కోసారి అర్ధరాత్రి దానంతట అదే లేచి గుయ్యిమంటుంది. అత్తమ్మ నిద్ర పాడయ్యేది దానివల్లే, నిజం చెప్పాలంటే స్విచ్ యుద్ధం మొదలైంది అక్కడే.

సర్వీస్_సీను_ఖమ్మం

మెనూలో దాన్ని దాచి పెడతారక్కా. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరువు. ఎడమ పక్కన "చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ" ఉంటుంది. లోపలికి వెళ్లాక పైన "ఛేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అనవైలబుల్" నొక్కితేనే కింది గడులు తెరుచుకుంటాయి. హైబర్నేట్ పక్కన టిక్ పెట్టి సేవ్ చేయి. అదే పేజీలో పైన, సీపీయూ మీది బటన్ నొక్కితే ఏం జరగాలో కూడా ఎంచుకోవచ్చు. అక్కడా హైబర్నేట్ పెట్టేసుకో, మెనూతో పనే ఉండదు.

అక్కడ ఆ గడే కనబడకపోతే ఎవరో జాగా మిగలాలని దాన్ని తీసేసి ఉంటారు. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని ఖాళీ లేకుండా ఒకే మాటగా కొట్టు, ఒక ఖాళీ, ఏటవాలు గీత వెంటనే హైబర్నేట్, మళ్లీ ఖాళీ, ఆన్. ఎంటర్ కొడితే ఏమీ అనకుండా కింది లైనుకు పోతుంది. అలా పోతే పని అయినట్టే.

అర్ధరాత్రి లేవడానికి మామూలుగా రెండు కారణాలు. ఒకటి అప్‌డేట్ల కోసం విండోస్ పెట్టుకునే అలారం. పవర్ ప్లాన్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో, స్లీప్ కింద "అలౌ వేక్ టైమర్స్" డిజేబుల్ చేయి. రెండోది మౌస్. టేబుల్ కాస్త కదిలినా చాలు. డివైస్ మేనేజర్‌లో మౌస్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, పవర్ మేనేజ్‌మెంట్, "అలౌ దిస్ డివైస్ టు వేక్ ద కంప్యూటర్" టిక్ తీసెయ్యి. ఏది లేపిందో తెలుసుకోవాలంటే పైన చెప్పిన కమాండ్‌లోనే ఏటవాలు గీత తర్వాత లాస్ట్‌వేక్ అని కొడితే చెప్తుంది. హైబర్నేట్ చేసి స్విచ్ కట్టేశాక మాత్రం దీన్ని లేపే దిక్కే ఉండదు, అదొక సుఖం.

పాతకాపు_1998

అందరూ హైబర్నేట్ అంటున్నారు గానీ, రోజూ జీబీలకు జీబీలు ఎస్ఎస్‌డీ మీద రాస్తే అది ఎన్నాళ్లు బతుకుతుంది? మేము విండోస్ 98 నాటి నుంచి పని కాగానే శుభ్రంగా షట్‌డౌన్ చేస్తున్నాం. మిషన్‌కు విశ్రాంతి, మనకు నిశ్చింత. ఆవిడకు హార్డ్‌డిస్క్ కూడా ఉంది, స్లీప్‌లో అది తిరిగి తిరిగి అరిగిపోదా?

సర్వీస్_సీను_ఖమ్మం

కాపుగారూ, స్లీప్‌లో హార్డ్‌డిస్క్ తిరగదండీ. షట్‌డౌన్‌లో ఆగినట్టే ఆగిపోతుంది. ఆ విషయంలో మూడూ ఒకటే.

ఎస్ఎస్‌డీ గురించి మీ అనుమానం న్యాయమైనదే, కానీ లెక్క వేసి చూడండి. విండోస్ 10లో హైబర్నేట్ ఫైలు మామూలుగా ర్యామ్‌లో 40 శాతం సైజు. 8 జీబీకి 3.2 జీబీ. రాత్రికి ఒకసారి అంతా రాసినా ఏడాదికి 1.2 టీబీ దాటదు. చవక రకం 240 జీబీ ఎస్ఎస్‌డీకి కూడా కంపెనీ 80 టీబీ దాకా హామీ ఇస్తున్న రోజులివి. అక్క రాసే ప్రశ్నపత్రాలకు సిలబస్ నాలుగుసార్లు మారుతుంది, అప్పటికీ ఆ కోటా అయిపోదు. మా షాపుకు చచ్చి వచ్చే ఎస్ఎస్‌డీల్లో రాసి రాసి అరిగినది దాదాపు ఉండదు. ఉన్నట్టుండి లోపలి కంట్రోలర్ చిప్ పోయినవే ఎక్కువ. అందుకే పేపర్లు పెన్‌డ్రైవ్‌లో కూడా ఒక కాపీ పెట్టుకోమంటాను.

ఇంకో సంగతి, మీరు బాధపడకండి. విండోస్ 8 నుంచి మీ "శుభ్రమైన షట్‌డౌన్" అంత శుభ్రమైనది కాదు. ఫాస్ట్ స్టార్టప్ అనేది ఆన్‌లో ఉంటే మీరు తెరిచినవి మాత్రమే మూసి, విండోస్ నడిబొడ్డును డిస్క్ మీద దాచిపెట్టి ఆగుతుంది. పొద్దున దాన్నే తిరిగి లేపుతుంది. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, సీపీయూ కింద "అప్ టైం" చూడండి. రోజూ షట్‌డౌన్ చేసేవాళ్లకు కూడా అక్కడ రోజుల లెక్క కనబడుతుంది. ప్రింటర్ మొరాయించినా, మిషన్ బరువెక్కినా అసలు మందు రీస్టార్ట్, అది మాత్రం మొత్తం కడిగి మొదలుపెడుతుంది. అక్కా, నువ్వు కూడా ఆదివారం ఆదివారం ఒక రీస్టార్ట్ కొట్టు. రోజూ ఆపి పెట్టడం వల్ల మంచీ చెడూ పెద్దగా లేవు. వేసవిలో ఉరుములు మొదలైతే మాత్రం హైబర్నేట్, షట్‌డౌన్ అని ఆలోచించకుండా ప్లగ్గు, నెట్ వైరు రెండూ పీకేయాలి. పిడుగుపాటుకు బోర్డు స్విచ్ ఒక లెక్క కాదు, నెట్ వైరు దారినైతే నేరుగా మదర్‌బోర్డుకే.

బెంగళూరు_బాబు

సీనన్నా, నా ల్యాప్‌టాప్ సంగతి కూడా చెప్పు. మూత వేసి బ్యాగులో పెడితే ఆఫీసుకు వెళ్లేసరికి పెనంలా కాలుతోంది, బ్యాటరీ సగానికి పడిపోతోంది.

సర్వీస్_సీను_ఖమ్మం

అది మోడర్న్ స్టాండ్‌బై. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావరకు ఫోన్ లాగా సగం మెలకువతోనే ఉంటాయి. మెయిల్ అనో, అప్‌డేట్ అనో లోపల లేస్తాయి. బ్యాగులో గాలి ఆడదు, వేడెక్కుతుంది. ఇందాక అక్కకు చెప్పిన పేజీలోనే, మూత వేస్తే ఏం చేయాలన్న చోట స్లీప్ బదులు హైబర్నేట్ పెట్టు. ఇంట్లో సోఫా మీద పెట్టేదానికి స్లీప్, బ్యాగులోకి పోయేదానికి హైబర్నేట్.

కరీంనగర్_టీచరమ్మ

సీనన్నా, కమాండ్ కొట్టాకే ఆ గడి కనబడింది. ఇప్పుడు సీపీయూ బటన్ నొక్కడమే. అత్తమ్మ లైటు ఆరిందాకా నిలబడి చూసి మరీ స్విచ్ కడుతోంది. పేజీలు ఎక్కడివక్కడే ఉంటున్నాయి.

కొత్త తలనొప్పి ఒకటి వచ్చింది. స్విచ్ రోజూ కట్టేస్తున్నాం కదా, పొద్దున తెరిచేసరికి తేదీ, టైమూ ఎప్పటివో చూపిస్తోంది. బ్రౌజర్‌లో ఏ సైటు తెరిచినా "మీ కనెక్షన్ సురక్షితం కాదు" అంటోంది. తేదీ సరిచేస్తే సర్దుకుంటోంది, మర్నాడు మళ్లీ అదే.

సర్వీస్_సీను_ఖమ్మం

మదర్‌బోర్డు మీద సెల్ అయిపోయిందక్కా. రూపాయి బిళ్లంత గుండ్రంగా ఉంటుంది, పేరు సీఆర్2032. బోర్డు స్విచ్ ఆన్‌లో ఉన్నన్నాళ్లూ గడియారం ఎస్ఎంపీఎస్ కరెంటుతో నడిచింది కాబట్టి సెల్ నీరసించినా తెలియలేదు. ఇప్పుడు రాత్రంతా సెల్ మీదే బతకాలి. వాచీలు బాగుచేసే షాపుల్లో కూడా దొరుకుతుంది, ఖరీదు కూడా తక్కువే.

మార్చే రోజు హైబర్నేట్ వద్దు, ఫైళ్లు సేవ్ చేసుకుని షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కు, అప్పుడు పూర్తిగా ఆగుతుంది. ప్లగ్గు పీకి, పక్క రేకు తీసి, సెల్ అంచున ఉన్న చిన్న క్లిప్పును గోటితో నొక్కితే అదే పైకి లేస్తుంది. కొత్తది ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టు. మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఎఫ్1 నొక్కమని ఆగితే భయపడకు, నొక్కి లోపల తేదీ సరిచేసి ఎఫ్10తో సేవ్ చేసి బయటికి రా. విండోస్ బదులు నల్ల స్క్రీన్ వస్తే బూట్ వరసలో (ఏ డిస్క్ నుంచి మొదలవ్వాలనే జాబితా) హార్డ్‌డిస్క్ పైకి వచ్చి ఉంటుంది, ఎస్ఎస్‌డీని మొదటికి జరుపు. అక్కడ ఇరుక్కుంటే స్క్రీన్ ఫొటో ఇక్కడ పెట్టు, చూసి చెప్తా.