నా ప్యాచ్ ఉన్న సాఫ్ట్‌వేర్‌ను నా ఆఫీసే వాడవద్దంటోంది

ప్రశ్న (మారతహళ్లి, బెంగళూరు):
మూడేళ్లుగా శని, ఆదివారాల్లో ఒక ఓపెన్ సోర్స్ (కోడ్‌ను ఎవరైనా చూసి, మార్చి వాడుకోగల) డేటాబేస్‌కు ప్యాచ్‌లు, అంటే చిన్న కోడ్ దిద్దుబాట్లు, పంపుతున్నాను. కనెక్షన్ మధ్యలో తెగితే మెమరీ విడుదల కాకుండా ఉండిపోయే బగ్‌ను పట్టుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది. దిద్దుబాటు మాత్రం పదకొండు లైన్లే. ఆ డేటాబేస్‌ను నడిపే కంపెనీ గత నెలలో లైసెన్స్ మార్చడంతో, ఇక దాన్ని వాడవద్దని మా లీగల్ విభాగం మెయిల్ పంపింది. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అన్నట్టుంది. నన్ను అడగకుండా వారు ఇలా మార్చవచ్చా?

జవాబు 1:
మొదటి ప్యాచ్ పంపినప్పుడు కోడ్ పంపేవారితో కంపెనీ చేసుకునే కాంట్రిబ్యూటర్ ఒప్పందాన్ని ఏదైనా అంగీకరించారేమో చూసుకోండి. అటువంటి ఒప్పందాల్లో చాలావరకు, కాపీరైట్ మీ పేరునే ఉన్నా, ఆ కోడ్‌ను మరో లైసెన్స్ కింద ఇచ్చే హక్కు కంపెనీకి దక్కుతుంది. ఒప్పందం లేకపోయినా, బీఎస్‌డీ వంటి ఉదారమైన లైసెన్స్ అయితే మీ కాపీరైట్ నోటీసును ఉంచి, కొత్త వెర్షన్‌కు తమ షరతులు చేర్చుకోవచ్చు. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె అయిన కెర్నెల్‌తో ఈ ఆట సాగదు; అది, మార్చి పంచిన కోడ్‌కూ అదే లైసెన్స్ ఉండాలనే జీపీఎల్ రెండో వెర్షన్ కింద ఉంది, కాపీరైట్ వేలమంది చేతుల్లో చెదిరి ఉంది. అయితే మీ లీగల్ వారు ఒకటి గమనించలేదు: ఇప్పటికే విడుదలైన వెర్షన్ల లైసెన్స్ మారదు. 2024 మార్చిలో రెడిస్ అనే డేటాబేస్ బీఎస్‌డీని వదిలేసినప్పుడు, దాని 7.2.4 వెర్షన్ నుంచే వాల్కీ అనే ప్రాజెక్టు చీలి, లాభాపేక్ష లేని లైనక్స్ ఫౌండేషన్ నీడకు చేరింది.

జవాబు 2:
నేను జీతం తీసుకునేది ఇటువంటి కంపెనీలోనే, కనుక పక్షపాతం ఉందనుకోండి. మా కోడ్‌లో అధికభాగం జీతానికి రాసిందే. దాన్ని పెద్ద క్లౌడ్ సంస్థ సేవగా అమ్ముకుంటే మాకు పైసా రాదు. డేటాబేస్ కంపెనీ మోంగోడీబీ 2018లో, సేవగా అమ్మేవారు ఆ సేవ కోడంతా బయటపెట్టాలనే ఎస్‌ఎస్‌పీఎల్ లైసెన్స్ తెచ్చింది ఆ బాధతోనే. కానీ దాన్ని ఓపెన్ సోర్స్ అనడం మాత్రం తప్పు, ఏది ఓపెన్ సోర్స్ లైసెన్సో తేల్చే సంస్థ ఓపెన్ సోర్స్ ఇనీషియేటివ్ ఆ లైసెన్స్‌ను ఆమోదించలేదు.

జవాబు 3:
2021లో అదే దారి పట్టిన సెర్చ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఎలాస్టిక్ 2024లోను, రెడిస్ 2025లోను ఓపెన్ సోర్స్ లైసెన్స్ అయిన ఏజీపీఎల్‌ను చేర్చాయి. ఈలోపు వాటి నుంచి చీలిన ఓపెన్‌సెర్చ్, వాల్కీ వేళ్లూనుకున్నాయి.

ప్రశ్న అడిగినవారు:
ఒప్పందం దొరికింది, రాత్రి పదకొండున్నరకు, చదవకుండానే క్లిక్ చేశాను. నా ప్యాచ్ ఉన్న చివరి పాత వెర్షన్ మీద ఆగుదామని లీగల్ వారికి రాశాను. వారు ఒప్పుకుని, ఇకపై దాని భద్రతా దిద్దుబాట్లు ఎవరు చూస్తారన్న గడిలో నా పేరు రాసి పంపారు.